నీళ్లు ఇటు రావన్న మక్సూద్ భాయ్

పోయిన జూన్‌లో బడులు తెరిచిన మొదటి సోమవారం, పొద్దున ఏడున్నర లోపల మక్సూద్ భాయ్ ఫోను పదకొండుసార్లు మోగింది. శంషాబాద్ పాత బెంగళూరు రోడ్డు మీద ఆయన ఆఫీసుకూ నా జిరాక్స్ షాపుకూ మధ్య ఉన్నది ఒక పలచటి రేకు గోడ. ఆయన దగ్గినా నాకు వినిపిస్తుంది. పన్నెండోసారి మోగినప్పుడు ఆయన ఫోనెత్తి, "అమ్మా, ఇల్లు నేనిప్పిచ్చిన. కాపురం గూడ నేనే చెయ్యాల్నా?" అన్నాడు. తర్వాత రెండు నిమిషాలు అవతలి మాట విని, "వస్తున్న" అని పెట్టేశాడు.

ఎప్పుడూ అంతే. ముందు విసుక్కుంటాడు, ఆ తర్వాత లేచి పోతాడు.

మక్సూద్ భాయ్‌కి యాభై రెండేళ్లు. విమానాశ్రయం కట్టే రోజుల్లో ఆటో నడిపేవాడు. పని కోసం ఊరు కాని ఊరు నుంచి వచ్చినవాళ్లు ఆటో ఎక్కి, ఎక్కడన్నా ఒక రూము దొరుకుతుందా అని అడిగేవాళ్లు. ఏ ఇంటి వెనక ఏ గది ఖాళీగా ఉందో ఆటో నడిపేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అట్లా రూములు చూపించి, ఇళ్లు చూపించి, ఆఖరికి ఆటో అమ్మేసి బల్లా కుర్చీ వేసుకున్నాడు. బోర్డు మీద 'ఇండ్లు, ప్లాట్లు, కిరాయి' అని మూడే మాటలుంటాయి గానీ, ఆ గదిలోకి వచ్చేవాళ్లలో సగం మందికి ఆ మూడింటితో పనుండదు. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడిందని వస్తారు. పింఛను ఆగిపోయిందని వస్తారు. పిల్లకు సంబంధం చూడమని వస్తారు. ఎవరన్నా పోతే శవాన్ని ఉంచే ఐసు పెట్టె ఎక్కడ దొరుకుతుందని కూడా ఆయన్నే అడుగుతారు. ఇంట్లో సుఘ్రా భాభీ, భర్త అన్నం తినే అరగంట సేపు ఆ ఫోను తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫోన్లు వచ్చేది రన్‌వే వ్యూ కాలనీ నుంచి. పహాడీ షరీఫ్ పోయే వైపు, పదేళ్ల కింద ఒక కంపెనీ వేసిన వెంచర్ అది. పేరులో ఉన్నట్టు అక్కడినుంచి రన్‌వే ఏమీ కనిపించదు, నెత్తి మీది నుంచి పోయే విమానాల పొట్టలు కనిపిస్తాయి. డెబ్బై ప్లాట్లలో నలభై దాకా అమ్మిపెట్టింది మక్సూద్ భాయే. ప్లాట్లు అయిపోగానే కంపెనీ ఆఫీసు ఎత్తేసింది, దాని ఫోన్లు మూగపోయాయి. ఇప్పటికీ పలికే నంబరు మక్సూద్ భాయ్‌ది ఒక్కటే. కాబట్టి కాలనీలో పాము కనిపించినా, వీధి దీపం ఆరినా, పక్కింటివాళ్ల కుక్క మొరిగినా కబురు ఆయనకే వస్తుంది.

ఆ సోమవారం ఆయన ముందు శిరీష కూర్చుని ఉంది. ప్రైవేటు దవాఖానలో నర్సు. కష్టపడి కూడబెట్టుకుని సొంతానికి ఒక చిన్న ఇల్లు కొనుక్కోవాలని ఆర్నెల్లుగా తిరుగుతోంది. అప్పటికి పదిహేడు ఇళ్లు చూసింది. పద్దెనిమిదోది ఆ కాలనీలోనే, మూడో గల్లీలో ఉంది.

"నడు తల్లీ, ఎట్లాగూ అటే పోతున్న" అన్నాడు ఆమెతో. తర్వాత రేకు గోడ మీద రెండు దెబ్బలు కొట్టి, "రాజూ, జర షాపు మూసి నువ్వు గూడ రా. తిట్లన్ని నేనొక్కణ్నే ఎందుకు తినాలె" అన్నాడు.

కాలనీ ముందర దారి ఒక మూల తిరుగుతుంది. కారు తిరుగుతుంది, ఆటో తిరుగుతుంది. బస్సు తిరగాలంటే మాత్రం పక్కనున్న పోచమ్మ పొలం మూల మీదికి ఎక్కి దిగాలి. ఇన్నేళ్లుగా బస్సులు, ట్యాంకర్లు అట్లాగే పోతున్నాయి, ఆమె ఏనాడూ ఒక మాట అనలేదు. ఆ రోజు ఆ మూలలో వరసగా ఏడు కడీలు నిలబడి ఉన్నాయి. పొలాల కంచెకు పాతుతారే, ఆ రాతి స్తంభాలు. అడుగున మట్టి ఇంకా తడిగా ఉంది. బడి బస్సు ముందుకూ పోలేక వెనక్కీ పోలేక అడ్డంగా ఆగిపోయింది. డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. పిల్లలు మాత్రం హాయిగా ఉన్నారు.

పూర్ణిమగారు గేటు దగ్గరే ఎదురొచ్చింది. రాజమండ్రి వైపు ఆవిడ, లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది, కాలనీ అసోసియేషన్ కార్యదర్శి. పన్నెండు ఫోన్లలో ఏడు ఆవిడవే.

"మక్సూద్ గారూ, ఇది దారి అని చెప్పే కదండీ మాకు ప్లాట్లు ఇప్పించారు?"

"దారి ఉంది మేడమ్. గదే దారి. బస్సు తిరిగే జాగ మాత్రం పోచమ్మక్కది."

"మరి ఆ సంగతి అప్పుడు చెప్పలేదేం?"

"అప్పుడు మీకు బస్సు లేకుండె గద."

పోచమ్మ కడీల అవతల గట్టు మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. భర్త చెన్నయ్య పోయి ఏడాదయింది. ఎకరన్నరలో ఆకుకూరలు వేసి రైతుబజారుకు పంపుతుంది. ఇంతమంది గుమిగూడినా ఆమె లేవలేదు.

"అక్కా, ఏందిది? పొద్దుగాల పొద్దుగాల పిల్లలను ఆపినవు" అన్నాడు మక్సూద్ భాయ్.

"పిల్లలను ఆపలే తమ్మీ. బస్సును ఆపిన. ఇటు రా, ఒకటి చూపిస్త."

పొలం వైపు కాలనీ ప్రహరీ గోడకు అడుగున ఒక కన్నం ఉంది. అరవై ఇళ్ల మురికి నీళ్లు బూడిద రంగులో, నురగతో, ఆ కన్నంలోంచి వచ్చి నేరుగా పోచమ్మ మళ్లలోకి దిగుతున్నాయి. దిగువ మడిలో పాలకూర ఆకులు వెడల్పుగా, నల్లటి పచ్చతో నిగనిగలాడుతున్నాయి. ఆమె ఒక గుప్పెడు పీకి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

"మొదట్ల పది ఇండ్లు ఉండె. నేల గుంజుకునేది. ఇప్పుడు అరవై ఇండ్లాయె. రెండేండ్ల సంది చెప్తున్న. గా మేడమ్‌కు చెప్పిన. ఆఫీసుకు పోయిన. ఎవ్వరు రాలే. పోయిన నెల సంది కూరల మళ్లల్లకు గూడ దిగుతున్నయి. ఇయ్యాల కడీలు పాతితె సూడు, ఎంత మంది వచ్చిండ్రో."

"మరి నాకెందుకు చెప్పలే అక్కా?"

"నీకేం చెప్పాలె? నువ్వే చెప్పినవు గద." ఆమె గొంతు పెంచలేదు. "ఇండ్లొస్తె నీళ్లెటు పోతయి అని మా ఆయన నిన్ను అడిగిండు. గీ గట్టు మీదనే నిలబడి అడిగిండు. చెన్నయ్యన్నా, చుక్క గూడ ఇటు రాదు, నాది పూచీ అన్నవు. చాయ్ తాగి పోయినవు."

మక్సూద్ భాయ్ ఆ కన్నం వైపే చూస్తూ, "నాకు యాది లేదక్కా" అన్నాడు.

"నీకెట్లుంటది. నాకున్నది."

ఆ రోజు నుంచి పిల్లలు పెద్ద రోడ్డు దాకా నడిచి బస్సెక్కాల్సి వచ్చింది. నీళ్ల ట్యాంకరు గేటు బయటే ఆగి పైపు వేసేది, అది సగం ఇళ్లకే అందేది. కాలనీవాళ్ల వాట్సాప్ గ్రూపులో మక్సూద్ భాయ్ పేరు రోజుకు ముప్ఫైసార్లు వచ్చేది. పోలీసులకు ఫిర్యాదు ఇద్దామని పూర్ణిమగారు రెండు పేజీల కాగితం రాసుకొచ్చి నా షాపులో కాపీలు తీయమంది. మక్సూద్ భాయ్ పక్కనుంచి వచ్చి, "ఆమె జాగల ఆమె కడీలు పాతుకుంది మేడమ్. పోలీసులొస్తె ముందుగాల గా కన్నం సంగతి అడుగుతరు" అన్నాడు. ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది గానీ, "అయితే మీరే తేల్చండి. మీరు అమ్మినదే కదా" అని వెళ్లింది.

తేల్చడానికి ఆయన వారం రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ కాలనీ ఒకప్పుడు పంచాయతీ కింద ఉండేది, తర్వాత ఇంకొకదాని కింద, ఆ తర్వాత ఇంకొకదాని కింద. చేతులు మారినప్పుడల్లా ఫైళ్లు ఏ బీరువాలోకి పోయాయో ఎవరికీ తెలియదు. ఒక కిటికీలో రేపు రమ్మన్నారు. రేపు పోతే, ఇది ఈ కిటికీ కాదన్నారు. ఆరో రోజున ఒక కుర్ర ఇంజినీరు దొరికాడు. మంచివాడు. స్వయంగా వచ్చి చూశాడు.

"మెయిన్ లైను మీ వెనక రోడ్డులోనే ఉంది. కలపడానికి పెద్ద పనేం కాదు. కానీ పైపు ఎట్నుంచి తీసుకుపోవాలె? అందరు గోడకు గోడ ఆనించి కట్టుకున్నరు. లేఅవుట్‌ల మురుగు పోయే మోరీకి జాగ వదిలి ఉండాలె గదా. మంజూరైన నక్ష, అదే లేఅవుట్ ప్లాను, ఉంటే తెండి" అన్నాడు.

శిరీషకు ఆ మూడో గల్లీ ఇల్లు నచ్చింది. వెలుతురు బాగుంది, దవాఖానకు ఇరవై నిమిషాలు. బయానాగా కొంత డబ్బు ఇస్తానంది. మక్సూద్ భాయ్ వద్దన్నాడు.

"జర ఆగు తల్లీ. గీ మోరీ లొల్లి తేలనియ్యి."

"అంకుల్, ఇన్ని రోజులు కొను కొను అన్నరు. ఇప్పుడు నేను కొంట అంటుంటె మీరు వద్దంటున్నరు."

"కొన్నంక పదేండ్లు నాకే ఫోన్ చేస్తవు. గందుకే."

ఆమె నవ్వలేదు. ఆర్నెల్ల తిరుగుడుకు ఆమె కూడా విసిగిపోయి ఉంది. హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం మక్సూద్ భాయ్ అటక మీది నుంచి పాత కాగితాల మూట దింపాడు. అందులో అడుగున పదేళ్ల నాటి నక్ష ఉంది. మడతల దగ్గర చిరిగింది, గీతలు వెలిసిపోయాయి. ఏమీ కనిపించడం లేదని నా దగ్గరకు తెచ్చాడు. నేను ముక్కలు ముక్కలుగా పెద్దది చేసి, నలుపు పెంచి తీశాను. నాలుగో ముక్కలో, ఇరవై ఆరు, ఇరవై ఏడు ప్లాట్ల మధ్య సన్నటి రెండు గీతలు బయటపడ్డాయి. అవి వెనక రోడ్డు దాకా పోతున్నాయి. వాటి మధ్య చీమంత అక్షరాలతో, మోరీ కోసం ఆరడుగులు అని రాసి ఉంది.

"ఇరవై ఏడు ఎవరిది భాయ్?" అన్నాను.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి గ్లాసెడు తాగాడు.

"మేడమ్‌ది" అన్నాడు. "కంపెనీ మనిషి హద్దు రాళ్లు పాతేటప్పుడు గీ ఆరడుగులు వదల్లే రాజూ. భాయ్, ఎవరన్న కస్టమర్‌కు కలిపెయ్ అన్నడు. మేడమ్ దక్షిణం ముఖమని ఎనకా ముందాడుతుండె. కాగితంల రెండొందల గజాలే మేడమ్, నేల మీద ముప్పై ఎక్కువొస్తది అన్న. ఆమె ఆనాడే సంతకం పెట్టింది."

ఆ స్థలంలో ఇప్పుడు పూర్ణిమగారి ప్రహరీ గోడ ఉంది, జామచెట్టు ఉంది, స్కూటీ పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది.

"ఈ కాగితం ఇంకెవరి దగ్గరుంది?" అని అడిగాను.

"ఆఫీసుల ఉండాలె. వాళ్లకు దొరుకుతలేదు."

"మరైతే..." అన్నాను. అంతకంటే ముందుకు పోలేదు గానీ, నా ఉద్దేశం ఆయనకు అర్థమైంది. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గుగానే ఉంటుంది. ఆయన నన్ను తిట్టలేదు, ఔననలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తర్వాతి రెండు రోజులు ఆయన ఇంజినీరు దగ్గరకు పోలేదు. ఆఫీసులో కూర్చుని కనిపించినవాళ్లందరి మీదా కసురుకున్నాడు. కిరాయికి ఇల్లు కావాలని వచ్చిన కొత్త జంటను, ముందు ఎన్ని గదులు కావాలో మీరిద్దరు తేల్చుకొని రాండ్రి అని పంపేశాడు. పింఛను ముసలాయన మీద కూడా అరిచి, తర్వాత వెనకాలే పోయి ఆటో ఎక్కించి వచ్చాడు.

మూడో రోజు పొద్దున, ఇంకో వారం గడువు అడుగుదామని పోచమ్మ దగ్గరకు పోయాడు. అప్పటికి పొలంలో ట్రాక్టరు తిరుగుతోంది. పాలకూర, కొత్తిమీర, మూడు మళ్లు, కోతకు వచ్చిన పంట. అంతా నాగలి కింద మట్టిలో కలిసిపోతోంది. పోచమ్మ గట్టు మీద నిలబడి చూస్తోంది.

"కడిగితె వాసన పోతది గద అక్కా. బజార్ల ఎవరు చూస్తరు?" అని అడిగాడట. ఎందుకు అడిగానో నాకే తెల్వదు రాజూ అని తర్వాత నాతో అన్నాడు.

"తెల్సి తెల్సి ఎట్ల అమ్ముత? కొన్నోళ్ల ఇంట్ల పిల్లలుంటరు" అందట ఆమె. అది ఆయన్ని ఉద్దేశించి అన్నది కూడా కాదు. ట్రాక్టరువాడికి, ఇంకో సాలు దగ్గరికి తీయమని చేయి ఊపుతూ అంది.

అక్కడినుంచి ఆయన ఆఫీసుకు రాలేదు. నేరుగా పూర్ణిమగారి ఇంటికి పోయాడు. భోజనాల బల్ల మీద నక్ష పరిచాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అంటే నా గోడ మోరీ మీద ఉందంటారా?"

"గోడ ఒక్కటే కాదు మేడమ్. జామచెట్టు, షెడ్డు గూడ."

"ఈ స్థలం నాకు అమ్మినదెవరు?"

"నేనే."

"పదేళ్ల తర్వాత వచ్చి చెబుతున్నారా?"

"యాదికొచ్చి రెండు రోజులైంది మేడమ్. ఆ రెండు రోజులు గూడ చెప్పకుండ దాచిన. తప్పు నాదే."

"బయటికి నడవండి" అంది ఆవిడ.

ఆ సాయంత్రమే గ్రూపులో ఆవిడ ఒక పెద్ద సందేశం పెట్టింది. మోరీ స్థలం అమ్ముకున్న బ్రోకర్ అని రాసింది. దాని కింద వరసగా అవును, నిజం, ఇలాంటివాణ్ని కాలనీలో అడుగుపెట్టనివ్వకూడదు అని ఇంకా నలభై మంది. మక్సూద్ భాయ్ ఫోను నా ముందు పెట్టి ఒక్కొక్క పేరూ చదివాడు.

"గీయనకు ఆధార్ చేపిచ్చిన. గీమెకు పండుగ నాడు మోటారు కాలిపోతె మెకానిక్‌ను ఎంటబెట్టుకొని పోయిన. గీ పిలగానికి సంబంధం గూడ నేనే తెచ్చిన." ఫోను బోర్లా పెట్టాడు. "తప్పు రాసిండ్రా అంటె, తప్పు గూడ రాయలే. అదే పరేషాన్."

మర్నాడు ఆ నలభై మందిలోనే ఒకాయన ఫోన్ చేసి, ట్యాంకరు రాలేదు, డ్రైవరు ఎత్తడం లేదు, జర చెప్పమన్నాడు. మక్సూద్ భాయ్ ఫోను చెవికి దూరంగా పట్టుకుని దాని వైపు చూశాడు. తర్వాత డ్రైవరుకు చేశాడు.

నాలుగు రోజుల తర్వాత పూర్ణిమగారు నా షాపుకు వచ్చింది. చేతిలో తన ప్లాటు దస్తావేజు ఉంది, సంచిలోంచి కొలిచే టేపు బయటికి కనిపిస్తోంది. రెండు కాపీలు తీయమంది. తీస్తుంటే అడిగింది.

"రాజుగారూ, పోచమ్మ పాలకూర దున్నేసిందట, నిజమేనా?"

"నిజమే మేడమ్."

"నేను ఆవిడ దగ్గరే కొనేదాన్ని. వారానికి రెండు కట్టలు. పోయిన నెల నుంచి మీకు అమ్మను పొమ్మంది. కోపంతో అందనుకున్నాను." కాపీలు చేతికిచ్చినా ఆవిడ కదల్లేదు. "అది ఏ నీళ్లు తాగిందో తెలిసే అమ్మలేదన్నమాట."

తర్వాత పక్క గదిలోకి పోయింది. రేకు గోడ కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"లేవకండి, కూర్చోండి. నేను లెక్కలు చెప్పి బతికినదాన్ని మక్సూద్ గారూ. ఇల్లు కట్టేముందు నేనే టేపు పట్టి కొలిచాను. ముప్ఫై గజాలు ఎక్కువున్నాయని నాకు ఆరోజే తెలుసు. ఎందుకున్నాయని మిమ్మల్ని అడగలేదు. అడిగితే పోతాయేమోనని అడగలేదు."

ఆవిడ కాగితాలు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"జామచెట్టు కొట్టనివ్వను. పైపు దాని పక్కనుంచి పోవాలి. గోడ పడగొట్టేటప్పుడు మీరుండాలి, కట్టేటప్పుడూ మీరుండాలి. మనుషులను నా మీద వదిలేసి ఇంకెవరికో ఇల్లు చూపించడానికి పోతే ఊరుకోను."

"ఎన్ని రోజులు మేడమ్?"

"ఎన్ని రోజులైతే అన్ని రోజులు."

ఆ మధ్యాహ్నం గ్రూపులో ఆవిడ ఇంకో సందేశం పెట్టింది. స్థలం ఎక్కువుందన్న సంగతి కొన్నప్పుడే నాకు తెలుసు, నా గోడ తీయిస్తున్నాను అని రెండే వాక్యాలు. దాని కింద సాయంత్రం దాకా ఒక్కరూ ఏమీ రాయలేదు.

పని మొదలవడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. ఇంజినీరు సంతకానికి ఇంకొకరి సంతకం కావాలి. సంతకాలయ్యాక పైపులు వచ్చాయి, సన్నవి వచ్చాయి. అవి తిరిగి పోయి లావువి వచ్చేసరికి మేస్త్రీ మనుషులు ఊళ్లో పెళ్లికి పోయారు. వాళ్లు తిరిగొచ్చిన రోజు వాన పట్టుకుంది. మక్సూద్ భాయ్ పదమూడు రోజులు పూర్ణిమగారి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇళ్లు కావాల్సినవాళ్లు అక్కడికే వచ్చేవాళ్లు. ఆవిడ లోపలినుంచి చాయ్ తెచ్చి ఇస్తూ, వచ్చినవాళ్లతో తనూ మాట కలిపేది. ఆ సందులో ఇల్లా, మధ్యాహ్నం దీపం వేసుకోవాలమ్మా అనేది. ఆ రేటుకు అది ఎక్కువండీ అనేది. ఆ పదమూడు రోజుల్లో రెండు బేరాలు ఆవిడ నోటి వల్లే చెడిపోయాయి.

"మేడమ్, మీరు లోపల కూసోండ్రి. నన్ను బతకనియ్యిండ్రి" అన్నాడు ఒకరోజు.

"అబద్ధం చెప్పానా?"

"అబద్ధం చెప్తె బాగుండు."

జామచెట్టు కొమ్మ ఒకటి పైపుకు అడ్డం వచ్చింది. దాని మీద పూట సేపు గొడవ జరిగింది. చివరికి ఆవిడే రంపం తెప్పించి, ఎక్కడ కోయాలో సుద్దముక్కతో గీత గీసి, కోసేటప్పుడు లోపలికి పోయింది.

జూలై చివర్లో పైపు మెయిన్ లైనులో కలిసింది. గోడ అడుగున కన్నాన్ని సిమెంటుతో మూసేశారు. పోచమ్మ వచ్చి చూసి పోయింది. నాలుగు రోజులు ఆగింది. మధ్యలో ఒక పెద్ద వాన కూడా పడింది. మళ్లలోకి వాన నీళ్లు తప్ప వేరేవి రాలేదని చూసుకున్నాక, ఏడు కడీల్లో నాలుగు పీకించింది.

మక్సూద్ భాయ్, నేనూ అప్పుడు అక్కడే ఉన్నాం. "మిగిలిన మూడు గూడ తీపియ్యరాదా అక్కా. డ్రైవర్ ఇరుకైతది అంటుండు" అన్నాడాయన.

"బస్సుకు ఎంత గావాలెనో గంత ఇడిశిన. జాగ నాదని జర యాదికుండాలె గద."

ఆమె గడ్డి మోపు కడుతోంది. ఆయన అటూ ఇటూ చూసి, "చెన్నయ్యన్నకు నేనట్ల చెప్పకుండ ఉండాల్సుండె" అన్నాడు.

"నువ్వు చెప్పకున్నా ఇండ్లు వచ్చేటియే తమ్మీ." తాడు బిగించి ముడి వేసింది. "ఆయన నిన్ను నమ్మిండు. పానం బాగలేనప్పుడు గూడ, మక్సూదుకు ఒక మాట చెప్పు, చేస్తడు అన్నడు. నేనే చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"కోపం" అంది. అంతే, మోపు ఎత్తమని సైగ చేసింది. ఆయన వంగి మోపు ఆమె నెత్తి మీదికి ఎత్తాడు. ఈ ఏడాది ఆ మళ్లలో పశువుల గడ్డి తప్ప ఏమీ వేయనని, నేల తేరుకుంటే వచ్చే ఏడు కూరల సంగతి చూస్తానని చెప్పి పోయింది. నేల తేరుకుంటుందో లేదో ఆమెకూ తెలియదు.

శిరీష ఆగస్టు మొదట్లో మళ్లీ వచ్చింది. ఈసారి మక్సూద్ భాయ్ ఆమెను మూడో గల్లీ ఇంటికంటే ముందు పూర్ణిమగారి వాకిట్లోకి, ఆ తర్వాత గోడ వెనక్కి, ఆ తర్వాత కడీల దగ్గరకు తీసుకుపోయి, జరిగిందంతా తన తప్పుతో సహా చెప్పాడు. విమానాలు ఏ వేళల్లో ఎక్కువో కూడా చెప్పాడు. ఆమె అంతా విని, "అంకుల్, ఇన్ని ఇండ్లు చూపించిండ్రు, లోపం చెప్పి చూపించింది ఇదొక్కటే" అంది. ఆ ఇల్లే తీసుకుంది.

ఆగస్టు పదిహేనున కాలనీలో జెండా ఎగరేశారు. మమ్మల్నిద్దర్నీ పిలిచారు. పోచమ్మను పిలవడానికి పూర్ణిమగారు స్వయంగా పొలానికి పోయిందని విన్నాను. పోచమ్మ వచ్చి ముందు వరసలో కుర్చీ అంచు మీద కూర్చుంది, ఇంట్లో బర్రెలున్నాయంటూ పాట కాకముందే లేచి పోయింది. తర్వాత పూర్ణిమగారు మాట్లాడింది. మోరీ పని పూర్తయిందని, ఇంజినీరుగారికి కృతజ్ఞతలని, సహకరించిన అందరికీ ధన్యవాదాలని చెప్పింది. మక్సూద్ భాయ్ పేరు ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది.

తిరిగి వస్తుంటే దారిలో ఆ మాటే అన్నాను. ఆయన కాగితంలో చుట్టి ఇచ్చిన లడ్డూ విప్పుకుని తింటున్నాడు.

"పేరు చెప్పకపోవుడే మంచిగైంది రాజూ. మోరీలు గూడ చేపిస్తడట అని తెలిస్తె అవతలి కాలనోళ్లు వస్తరు. నాకేమన్న వేరే పని లేదా?" అన్నాడు.

వేళ్లకంటిన బూందీ దులుపుకుని, రాజేంద్రనగర్‌లో ఎవరికో కిరాయి ఇల్లు చూపించాలని, తొందరగా నడవమన్నాడు.